రాత్రి రెండింటికి ఎవరు పక్కకు తిప్పుతారు? – ఒక పడక పుండు కేస్ స్టడీ

పేషెంట్ 64 ఏళ్ల రైతు. మెదడులో కుడివైపు రక్తనాళం మూసుకుపోయి ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. పదేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. ఒంట్లో బాగున్నప్పుడు మందులు ఆపేయడం, తేడా చేసినప్పుడు మళ్లీ మొదలుపెట్టడం ఆయనకు అలవాటు. పక్షవాతం వచ్చాక ఎనిమిది రోజులు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉండి, డబ్బులు సరిపోక మా జిల్లా ఆసుపత్రి మెడికల్ వార్డుకు వచ్చారు. వెంట తెచ్చిన కాగితాల్లో స్కాన్ రిపోర్టు, ఇచ్చిన ఇంజెక్షన్లు, బీపీ రీడింగులు అన్నీ పద్ధతిగా ఉన్నాయి. నడుము కింద పడిన పుండు గురించి మాత్రం ఎక్కడా ఒక్క మాట లేదు.

ఆ పుండు మానడానికి దాదాపు ఐదు నెలలు పట్టింది. అందులో ఆసుపత్రిలో గడిచినవి మూడు వారాలే. మిగతాదంతా ఇంట్లో, ఆయన భార్య, కోడలి చేతుల మీదుగా జరిగింది. అందుకే ఈ కేసు రాస్తున్నాను. కుటుంబం అనుమతి తీసుకున్నాను, మనిషి ఆనవాలు దొరక్కుండా కొన్ని వివరాలు మార్చాను.

పడక పుండు చూడగానే అందరూ అడిగేది "దీని మీద ఏం రాయాలి సిస్టర్?" అనే. ఏ పూత పూసినా, ఆ చోటు మీద బరువు పడుతున్నంత కాలం పుండు మానదు. బరువు తీసే పని రోజుకు పది, పన్నెండు సార్లు చేయాలి. ఆ పని ఎవరిదో తేలకపోతే ఎంత మంచి డ్రెస్సింగ్ చేసినా వృథా. ఈ కేసులో మేం నేర్చుకున్నదీ, మా వార్డులో మార్చుకున్నదీ దీని చుట్టూనే.

చేరిన రోజు

పక్షవాతం కేసు రాగానే మనమంతా బీపీ, షుగరు, స్పృహ చూస్తాం. చర్మం చూడటం తర్వాతి పని అయిపోతుంది. ఒంటిమీద బట్ట తీసి తల వెనక నుంచి మడమ దాకా చూడటం కూడా ఆ మొదటి పరీక్షలో భాగమే కావాలి. ఇద్దరం కలిసి ఆయన్ని ఒకే కదలికలో పక్కకు ఒత్తిగిలించాం. డైపర్ తడిసి ఉంది. నడుము కింద త్రికాస్థి మీద 6 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు, ఒకటిన్నర సెం.మీ. లోతు పుండు. అడుగున కొంత భాగంలో పసుపుపచ్చటి చచ్చిన కణజాలం. చుట్టూ చర్మం వేడిగా, గట్టిగా ఉంది. ఎముక, కండరం కనబడలేదు కాబట్టి, లోతును బట్టి చెప్పే నాలుగు దశల్లో ఇది మూడో దశ. ఎడమ మడమ మీద చర్మం చిట్లలేదు, కానీ ఊదా రంగులోకి మారి మెత్తబడింది. జ్వరం 101 డిగ్రీలు, షుగరు 286, హిమోగ్లోబిన్ 9.2, రక్తంలో ఉండే మాంసకృత్తి ఆల్బుమిన్ 2.6. ముక్కులో ఆహారం పోసే గొట్టం (రైల్స్ ట్యూబ్), మూత్రానికి కేథటర్ ఉన్నాయి. మాట ముద్దగా వస్తోంది కానీ అన్నీ అర్థమవుతున్నాయి.

"మొదలు జర కమిలినట్టుండె బిడ్డా, పౌడర్ రాసినం. మూడు దినాలల్ల గిట్లయింది" అన్నారు ఆయన భార్య.

ఆమె చూసింది సరిగ్గానే చూశారు. కమిలినట్టు కనబడిన రోజే అది మొదటి దశ. మన పాఠ్యపుస్తకాల్లో మొదటి దశ అంటే వేలితో నొక్కినా తెల్లబడని ఎరుపు అని రాసి ఉంటుంది. ఆ వర్ణన తెల్లటి చర్మాల మీద చూసి రాసినది. మనవాళ్ల చామనఛాయ, నల్లటి చర్మం మీద ఆ ఎరుపు కనబడదు. చుట్టుపక్కల కంటే కాస్త ముదురుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. అరచేతి వెనకవైపు ఆనించి చూస్తే పక్క చర్మం కంటే వేడిగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో తగులుతుంది. మనిషికి స్పర్శ ఉంటే నొప్పి అంటాడు. అందుకే మా విద్యార్థులకు ఇప్పుడు కంటితో పాటు చేత్తో చూడటం నేర్పుతున్నాం. పైన చర్మం కొద్దిగానే మారినా లోపల ఎముకకు ఆనుకున్న కండరం అప్పటికే చచ్చిపోయి ఉండొచ్చు. ఒత్తిడి ఎక్కువగా పడేది అక్కడే. మూడు రోజుల్లో అంత పుండు కావడానికి కారణం కూడా అదే.

పడక పుండు పడే ప్రమాదాన్ని కొలిచే బ్రేడన్ స్కోరు లెక్కవేస్తే 10 వచ్చింది. అమెరికాలో బార్బరా బ్రేడన్, నాన్సీ బర్గ్‌స్ట్రామ్ అనే ఇద్దరు నర్సు పరిశోధకులు 1987లో ప్రచురించిన కొలమానం ఇది. స్పర్శ, తేమ, నడక, మంచం మీద కదలిక, తిండి, ఒరిపిడి – ఆరు అంశాలు. మొత్తం 6 నుంచి 23 దాకా ఉంటుంది, తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ. 18కి దిగితే జాగ్రత్త మొదలుపెట్టాలి. అంతకు ముందు 1962లోనే ఇంగ్లండ్‌లో డోరీన్ నార్టన్ అనే నర్సు తన సహచరులతో కలిసి వృద్ధుల వార్డుల్లో పరిశోధన చేసి ఇలాంటి స్కోరు తయారుచేశారు. అంటే అరవై ఏళ్లకు పైగా నర్సులే స్వయంగా పని చేసి నిలబెట్టిన జ్ఞానం ఇది. మన వార్డుల్లో ఈ స్కోరు వేస్తే వేస్తాం, వేసి కేస్ షీట్‌లో వదిలేస్తాం. నా అభిప్రాయంలో మొత్తం ఎంత వచ్చిందన్నదాని కంటే ఏ అంశంలో మార్కు పోయిందన్నది ముఖ్యం. ఈయనకు నడకలో 1, ఒరిపిడిలో 1, మిగతా నాలుగింటిలో రెండేసి. నడక ఇప్పట్లో రాదు. ఒరిపిడి, తేమ, తిండి మాత్రం మా చేతిలో ఉన్నవే. మా ప్లాన్ అక్కడి నుంచే రాసుకున్నాం.

మానేసిన పనులు

సర్జన్ వచ్చి చచ్చిన కణజాలం కోసి తీశారు. చుట్టూ ఇన్ఫెక్షన్ ఉంది కాబట్టి ఫిజీషియన్ యాంటీబయోటిక్స్ మొదలుపెట్టి, షుగరును ఇన్సులిన్‌తో అదుపులోకి తెచ్చారు. ఇవి లేకుండా నర్సింగ్ ఒక్కటే ఈ పుండును మాన్పేది కాదు. మా వంతుగా ముందు చేసింది కొన్ని పనులు మానేయడం.

వీపుకు స్పిరిట్ రాసి, గుండ్రంగా రుద్ది, పౌడర్ చల్లడం మేం చదువుకునే రోజుల్లో పెద్ద ప్రొసీజర్. పరీక్షల్లో మార్కులు దానికే. స్పిరిట్ చర్మంలో ఉన్న కాస్త నూనెను కూడా లాగేస్తుంది. పౌడర్ చెమటతో కలిసి ఉండలు కట్టి గరుకుగా తయారవుతుంది. కమిలిన చోట గట్టిగా రుద్దితే అప్పటికే దెబ్బతిన్న సన్నటి రక్తనాళాలు తెగుతాయి. అమెరికా, యూరప్, పసిఫిక్ దేశాల నిపుణుల సంఘాలు కలిసి 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, పుండు పడే ప్రమాదం ఉన్న చర్మాన్ని గట్టిగా రుద్దొద్దని స్పష్టంగా ఉంది. మన దగ్గర మాత్రం స్పిరిట్ సీసా ఇంకా ట్రాలీ మీదే ఉంటోంది. ఈ పేషెంటుకు గోరువెచ్చటి నీళ్లతో తుడవడం, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టడం, పొడిబారిన కాళ్లకు కొబ్బరినూనె, విరేచనం తగిలే చోట జింక్ ఆక్సైడ్ క్రీము. అంతే.

మడమ కింద గ్లౌజులో నీళ్లు నింపి పెట్టే అలవాటు కూడా మానేశాం. చూడ్డానికి మెత్తగా ఉంటుంది కానీ మడమ బరువంతా మళ్లీ ఆ గ్లౌజు మీదే పడుతుంది. పిక్క కింద పొడవునా దిండు పెట్టి, మడమ గాలిలో ఉండేలా చూడాలి. సరిగ్గా పెట్టారో లేదో తెలియాలంటే మడమకూ పరుపుకూ మధ్య చెయ్యి దూర్చి చూడాలి. చెయ్యి ఎక్కడా తగలకుండా బయటికి రావాలి. గాలి నింపిన ట్యూబ్ లాంటి రింగు మీద కూర్చోబెట్టడం కూడా వద్దు. మధ్యలో ఉన్న చోటుకు చుట్టూ నుంచి రక్తం అందకుండా పోతుంది.

పుండు కడగడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆపి సెలైన్ మాత్రమే వాడాం. నురగ వస్తే శుభ్రమైనట్టు అనిపిస్తుంది కానీ కొత్తగా పుట్టే కణాలు కూడా దానితో చస్తాయి. తేమ పట్టి ఉంచే డ్రెస్సింగ్ వేసి, అంచుల చర్మం నానకుండా చూసుకున్నాం.

తల ఎత్తాలా, దించాలా

ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన విషయం మంచం తల ఎత్తు. పక్షవాతం వచ్చిన మనిషికి మింగడం సరిగ్గా రాదు. ట్యూబు ద్వారా పోసిన పాలు పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, ప్రాణానికే ముప్పు. కాబట్టి తల ఎత్తి పెట్టమంటాం. ఇంట్లోవాళ్లు భయపడి ఇంకా ఎక్కువ ఎత్తుతారు. ఈయన్ని రోజంతా దాదాపు కూర్చోబెట్టినట్టే ఉంచారు. అలా ఉంచినప్పుడు మనిషి నెమ్మదిగా కిందికి జారతాడు. చర్మం దుప్పటికి అతుక్కుని అక్కడే ఉంటుంది, లోపలి ఎముక మాత్రం జారుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న రక్తనాళాలు సాగి మెలిబడతాయి. తర్వాత ఎవరో వచ్చి చంకల కింద చేతులు పెట్టి పైకి లాగుతారు. త్రికాస్థి దగ్గర పుండు పడేది ఈ లాగుడు, జారుడు వల్లే ఎక్కువ.

30 డిగ్రీలు ఈ రెండు అవసరాలకూ సరిపోయే ఎత్తు. పాలు పోసేటప్పుడు, పోశాక గంటసేపు ఆ ఎత్తులో ఉంచాం, తర్వాత తల దించాం. తల ఎత్తడానికి ముందే తొడల కింద దుప్పటి చుట్ట పెట్టి మోకాళ్లు కాస్త ముడిచాం, మనిషి జారకుండా. ఒక్కసారి 400 మి.లీ. పోసే బదులు 200 మి.లీ. చొప్పున ఎక్కువసార్లు పోశాం.

30 డిగ్రీలంటే ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలి? వార్డు గోడ మీద గడియారం చూపించాను. చిన్న ముల్లు 3 మీద ఉంటే మనిషి చాపమీద పడుకున్నట్టు, 2 మీదికి వస్తే మనకు కావలసిన ఎత్తు. కోడలు వెంటనే పట్టుకుంది. ఆ తర్వాత పక్క పేషెంట్ల మంచాలు కూడా చూసి "రెండు మీద లేదు సిస్టర్" అని చెప్పేది.

రెండు గంటలా, నాలుగు గంటలా

"రెండు గంటలకోసారి తిప్పాలి" అని అందరం చదువుకున్నాం. దీని మీద బర్గ్‌స్ట్రామ్ బృందమే అమెరికా, కెనడా వృద్ధాశ్రమాల్లో 942 మందితో చేసిన పరిశోధన 2013లో వచ్చింది. రెండు, మూడు, నాలుగు గంటలకోసారి తిప్పిన మూడు గుంపుల్లోనూ పుండ్లు పడటంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇది చదివి మా దగ్గర ఒక జూనియర్ సిస్టర్ "మనమూ నాలుగు గంటలు పెట్టుకోవచ్చు కదా మేడం" అని అడిగింది. మంచి ప్రశ్న. కానీ ఆ పరిశోధనలో అందరికీ ఒత్తిడిని పంచే మంచి ఫోమ్ పరుపులున్నాయి. మన వార్డుల్లో రెక్సిన్ తొడిగిన పాత పరుపు మధ్యలో గుంట పడి ఉంటుంది. వాళ్ల ఫలితాన్ని మన పరుపు మీదికి యథాతథంగా తెచ్చుకోలేం. పైగా వాళ్లు చూసింది పుండ్లు లేనివాళ్లను, ఈయనకు అప్పటికే మూడో దశ పుండు.

కొడుకు ఎయిర్ బెడ్ కొని తెచ్చాడు. అది వేసినా పగలు రెండు గంటలకోసారి, రాత్రి మూడు గంటలకోసారి అని నిర్ణయించుకున్నాం, ఎందుకంటే మనిషికి నిద్ర కూడా కావాలి. ఎయిర్ బెడ్ గురించి ఒక మాట చెప్పాలి. దాని మీద ప్లాస్టిక్ షీటు, ఆపైన మందపాటి బొంత, ఆపైన దుప్పటి వేస్తే కొన్నది వేస్టు. పలచటి కాటన్ దుప్పటి ఒక్కటే చాలు. నడుము కింద పరుపు అడుక్కి చెయ్యి పెట్టి చూస్తే, మనిషికీ చేతికీ మధ్య అంగుళం మందాన గాలి ఉండాలి. చేతికి ఎముక తగిలితే గాలి చాలనట్టు. కరెంటు పోతే బెడ్ మెల్లగా దిగిపోతుంది, అప్పుడు తిప్పే గంటలు ఇంకా దగ్గర కావాలి.

వెల్లకిలా పడుకోబెట్టడం పూర్తిగా ఆపాం. కుడికి 30 డిగ్రీలు, ఎడమకు 30 డిగ్రీలు, వీపు వెనక పాత చీరల చుట్ట ఆసరా. పూర్తిగా ఒత్తిగిలిస్తే తుంటి ఎముక మీద బరువు పడుతుంది. పడిపోయిన ఎడమవైపు తక్కువసేపు ఉంచాం, ఆ చేయి పట్టుకుని లాగకూడదని మంచం దగ్గర రాసి పెట్టాం. పైకి జరపాలంటే భుజాల నుంచి తొడల దాకా మడత దుప్పటి వేసి, చెరో వైపు పట్టుకుని ఎత్తాలి, ఈడ్చకూడదు.

ఇక ఎవరు చేయాలి? రాత్రి డ్యూటీలో దాదాపు వార్డంతా ఒక్క సిస్టర్ మీదే ఉంటుంది. ఆమె ఇంజెక్షన్లు ఇవ్వాలి, కొత్త కేసులు చూడాలి, సీరియస్ పేషెంటు దగ్గర నిలబడాలి. ఈ నిజాన్ని ఒప్పుకోకుండా రాసిన చార్టు కాగితం మీదే ఉంటుంది. టిక్ పెట్టే చార్టులు డ్యూటీ చివర ఒకేసారి నిండిపోవడం ఏ వార్డులోనైనా చూడొచ్చు. మేం టిక్ గడి తీసేసి మూడు గడులు పెట్టాం: ఇప్పుడు ఎటు ఉన్నారు, మళ్లీ ఎప్పుడు తిప్పాలి, ఎవరు తిప్పుతారు. మూడో గడిలో పేరు ఉండాల్సిందే. పగలు సిస్టర్, విద్యార్థిని, పేషెంట్ కేర్ వర్కర్ పేర్లు. రాత్రి 11కు కొడుకు, 2కు కోడలూ సిస్టరూ కలిసి, 5కు భార్య. డ్యూటీ మారేటప్పుడు కేస్ షీట్ చూసి చెప్పుకోవడం మానేసి, మంచం దగ్గరికి వెళ్లి ఇద్దరు సిస్టర్లూ వీపు చూసి అప్పగించుకోవడం మొదలుపెట్టాం.

తిండి

ఆల్బుమిన్ 2.6 ఉన్న మనిషికి పుండు పూడాలంటే మాంసకృత్తులు కావాలి. పుండున్న వాళ్లకు కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాములు లెక్క. 58 కిలోలకు అది 72 గ్రాములకు పైనే. ఆయనకు అప్పటిదాకా పోస్తున్నది పలచటి గంజి, కొబ్బరినీళ్లు, జ్యూసు. షుగరు పెరగడానికి తప్ప పుండుకు ఉపయోగం లేదు. మూడు గుడ్లు, అర లీటరు పాలు, వడగట్టిన పెసరపప్పు కట్టు, మెత్తగా పట్టిన పల్లీల పొడి, రాగిజావ, పెరుగు – ఇంట్లో దొరికేవాటితోనే డైటీషియన్ లెక్క సరిచేశారు. కిడ్నీలు బాగున్నాయని ముందే పరీక్ష చేయించాం. "పుండున్నోళ్లకు గుడ్డు పెడితే చీము పడుతది" అని పెద్దావిడ (ఆయన భార్య) భయం. ఆ మాట తేలిగ్గా తీసేయలేదు. పక్క వార్డులో ఆపరేషన్ అయినవాళ్లకు ఆసుపత్రి వాళ్లే రోజూ గుడ్డు ఇస్తున్నది చూపించాను. చూశాక ఒప్పుకున్నారు. రెండో వారంలో మింగే పరీక్ష చేసి, మెత్తటి ముద్దలు నోటితో మొదలుపెట్టాం. కేథటర్ కూడా అప్పుడే తీసేశాం.

నేర్పడం అంటే

డిశ్చార్జ్ రోజు మంచం పక్కన నిలబడి పది జాగ్రత్తలు గడగడా చెప్పడం, వాళ్లు తలూపడం మనకు అలవాటు. చెప్పిందంతా చెప్పినట్టే ఉంటుంది, ఇంటికెళ్లాక చేతులు ఆడవు. మేం డిశ్చార్జ్‌కు వారం ముందే మొదలుపెట్టాం. ముందు రోజుల్లో మేం చేస్తే వాళ్లు చూశారు. తర్వాత కలిసి చేశాం. చివర్లో వాళ్లు చేస్తుంటే నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. కోడలు మొదటిసారి ఒంటరిగా తిప్పినప్పుడు ఎడమ చేయి ఆయన ఒంటి కిందే ఉండిపోయింది. తనే చూసుకుని సర్దింది. ఆ పని నేను చెప్పి చేయించి ఉంటే ఇంటి దగ్గర గుర్తొచ్చేది కాదు.

నాలుగు పనులు తప్పు లేకుండా చేసి చూపిస్తేనే పంపాలని అనుకున్నాం: మడత దుప్పటితో తిప్పడం, మడమ గాలిలో ఉంచడం, చేయి వెనకవైపుతో చర్మం చూడటం, సెలైన్‌తో కడిగి డ్రెస్సింగ్ మార్చడం.

ఇక్కడ నర్సింగ్ పరిశోధన గురించి మనసులో ఉన్న మాట చెప్పాలి. మన కాలేజీల్లో బీఎస్సీ, ఎమ్మెస్సీ ప్రాజెక్టులు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ముందు ప్రశ్నపత్రం ఇస్తారు, ఒక పాఠం చెబుతారు, మళ్లీ అదే ప్రశ్నపత్రం ఇస్తారు. మార్కులు పెరుగుతాయి, పాఠం ఫలితమిచ్చిందని రాస్తారు. పాఠం విన్న వెంటనే మార్కులు పెరగక ఏమవుతాయి? పడక పుండ్ల మీద జ్ఞానం కొలిచే అలాంటి థీసిస్‌లకు కొదవలేదు. రాత్రి రెండింటికి వార్డులోకి వెళ్లి ఎంతమంది మడమలు పరుపుకు తగలకుండా ఉన్నాయో లెక్కపెట్టిన విద్యార్థిని నాకైతే ఎదురుపడలేదు. అది లెక్కపెట్టడానికి పెద్ద ఖర్చు లేదు, పరికరం అక్కర్లేదు. విద్యార్థులకు ఇవ్వాల్సిన ప్రాజెక్టులు ఇవి. జ్ఞానం లేక పుండు పడుతున్న సందర్భాల కంటే, తెలిసీ చేసే మనిషి లేక పడుతున్నవే మా వార్డులో ఎక్కువ చూస్తున్నాను. ఆ మనిషిని ఎలా ఏర్పాటు చేయాలన్నదే పరిశోధించాల్సిన ప్రశ్న.

ఇంటి దగ్గర

డిశ్చార్జ్ నాటికి పుండు 4.5 × 4 సెం.మీ.కు తగ్గి, అడుగున ఎర్రటి కొత్త కండ కనబడింది. పుండు మానే తీరును కొలిచే పుష్ స్కోరు 16 నుంచి 12కు దిగింది. మడమ మీద ఊదా రంగు మచ్చ ఎండి పెచ్చు కట్టింది. తడి, వాపు లేవు కాబట్టి దాన్ని కదపకుండా వదిలేశాం.

పల్లె దవాఖానలో పనిచేసే సిస్టర్‌కు ఫోన్ చేసి అన్నీ వివరంగా అప్పగించాను, ఆశా కార్యకర్త నంబరు తీసుకున్నాను. తెలంగాణలో పాలియేటివ్ కేర్ కేంద్రాల నుంచి ఇళ్లకు వెళ్లే ఆలన బండ్లు ఉన్నాయి. మంచం పట్టినవాళ్లకు ఇంత అక్కరకొచ్చే సేవ గురించి చాలా కుటుంబాలకు తెలియదు, డిశ్చార్జ్ కాగితంలో మనమే రాయాలి. వారానికోసారి కోడలు పుండు పక్కన స్కూలు స్కేలు పెట్టి ఫొటో పంపేది. ఆ ఫొటోలు వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా నా దగ్గరే ఉంచుతానని ముందే మాటిచ్చాను.

పెద్దావిడకు గడియారం చూడటం రాదు. అందుకని గంటల చార్టు పక్కన పెట్టి, ఇంటి పనులతో ముడిపెట్టాం. పాలు పిండి వచ్చాక, పిల్లల స్కూలు బస్సు పోయాక, అన్నం తిన్నాక, సాయంత్రం చాయ్‌కి, దీపాలు పెట్టే వేళకు, సీరియల్ అయ్యాక – ఇలా. రాత్రివి కొడుకు ఫోన్‌లో అలారం.

డిశ్చార్జ్ అయిన ఆరు వారాలకు పుండు 3 × 2 సెం.మీ.కు వచ్చింది, స్కోరు 10. అంతలో పత్తి ఏరే రోజులొచ్చాయి. కొడుకూ కోడలూ తెల్లారి చేనుకు పోతే చీకటి పడ్డాకే రావడం. పగలంతా పెద్దావిడ ఒక్కరే, ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఒకరోజు పల్లె దవాఖాన సిస్టర్ ఫోన్ చేసి, కుడి తుంటి మీద చర్మం ముదురు రంగులోకి మారి వేడిగా తగులుతోందని చెప్పింది. మేం నేర్పినట్టు చేత్తో చూసింది కాబట్టే తెలిసింది.

వీలు చూసుకుని నేను కూడా వెళ్లాను. పెద్దావిడ ఒక్క పూట కూడా తిప్పడం మానలేదు. మంచం గోడకు ఆనించి వేసి ఉంది. ఒక్కరే ఉన్నప్పుడు మనిషిని తమవైపు లాక్కోవడమే సాధ్యం, గోడవైపు నెట్టడం ఆమె వల్ల కాదు. గోడ ఆయనకు ఎడమవైపు ఉంది. కాబట్టి రోజంతా కుడికి, కాసేపు వెల్లకిలా, మళ్లీ కుడికే. ఆయనకు కుడివైపు స్పర్శ బాగానే ఉంది, నొప్పి తెలుస్తోంది. మరి చెప్పలేదేమని అడిగితే, భార్య గురించి "దానికి పానం బాగుంటలేదు, ఏం చెప్పాలె సిస్టర్" అన్నారు.

మంచం గోడ నుంచి రెండు అడుగులు ఇవతలకు లాగాం. ఆమె నడుము వంగకుండా కోళ్ల కింద ఇటుకలు పెట్టించాం. ఆయన అవతలివైపు మోకాలు ముడిచి పాదం ఆనించి, తుంటి మీద ఒక చేయి, భుజం మీద ఒక చేయి వేసి మెల్లగా తనవైపు తిప్పుకోవడం నేర్పాం. కాలు ముడిస్తే సగం బరువు అదే తిరుగుతుంది. ఇటువైపు ఒకసారి, చుట్టూ తిరిగి వెళ్లి అటువైపు ఒకసారి. మధ్యాహ్నం పూట పక్కింటి అతను వచ్చి ఒకసారి సాయం పట్టడానికి ఒప్పుకున్నాడు, చార్టులో ఆయన పేరు కూడా ఎక్కింది. పేషెంటు తన కుడి చేత్తో మంచం పట్టె పట్టుకుని తనంతట తానే కొంచెం కదలడం ఫిజియోథెరపీ వాళ్లు అలవాటు చేశారు. తుంటి మీద మచ్చ చిట్లకుండానే తగ్గింది.

ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదని తెలుసు. సర్జన్ కోత, యాంటీబయోటిక్స్, ఇన్సులిన్, తిండి అన్నీ ఒకేసారి నడిచాయి, దేనివల్ల ఎంత మేలు జరిగిందో విడదీయలేం. కానీ కుడి తుంటి సంగతి మాత్రం స్పష్టం. అక్కడ మందు మారలేదు, తిండి మారలేదు. మంచం జరిగింది, మనుషులు కుదిరారు. అప్పటి నుంచి మా డిశ్చార్జ్ కాగితంలో మూడు ప్రశ్నలు కలిపాం. ఇంట్లో మంచానికి రెండువైపులా మనిషి నిలబడే చోటు ఉందా? పగలు ఒంటరిగా చూసుకునేది ఎవరు, వాళ్ల ఆరోగ్యం ఎలా ఉంది? వ్యవసాయం పనులు ముమ్మరంగా ఉండే నెలల్లో ఎవరు సాయం వస్తారు? మూడో ప్రశ్న అడిగితే ఇప్పటికీ చాలా ఇళ్లలో ఎవరూ వెంటనే జవాబు చెప్పలేరు. ఆ ఇంటికి ఆశా కార్యకర్త ముందుగా వెళ్లాలని గుర్తు పెడుతున్నాం.

ఐదో నెలలో పుండు పూర్తిగా మూసుకుంది. మడమ పెచ్చు దానంతటదే ఊడిపోయి కింద కొత్త చర్మం వచ్చింది. సదరం సర్టిఫికెట్ వచ్చాక ఆయనకు వీల్‌చైర్ కూడా దొరికింది. మానిన చోట చర్మానికి మునుపటి బలం ఎప్పటికీ రాదు కాబట్టి తిప్పడం ఆపొద్దని చెప్పాం. కుర్చీలో కూర్చున్నంతసేపూ మెత్త వేసుకుని, పావుగంటకోసారి కుడిచేత్తో ఆనుకుని ముందుకు వంగి బరువు తీయాలని నేర్పాం. ప్రస్తుతం ఒక్కసారికి గంట మించి కూర్చోబెట్టడం లేదు. చర్మం తట్టుకుంటున్న తీరు చూసి వచ్చే నెల ఆ సమయం పెంచుతాం.